పాత ఇనుప పైపులు మార్చుకోవాలంటే: జీఐ, యూపీవీసీ, సీపీవీసీ, పీపీఆర్‌లలో ఏది ఎవరికి సరిపోతుంది?

నల్గొండలో మా ఇంటి బాత్రూమ్ టాప్ కిందటేడు బాగా సన్నగిల్లిపోయింది. బకెట్ నిండడానికి పావుగంట పట్టేది. ట్యాంకు నిండుగానే ఉంది. టాప్ మార్చి చూశాం, అదే ధార. చివరికి మెయిన్ వాల్వ్ కట్టేసి, గోడలోంచి బయటికొచ్చే పైపును జానెడు ముక్క కోసి చూశాను. అరంగుళం జీఐ పైపు, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపు. బయట కాస్త రంగు మారిందంతే. లోపల మాత్రం చుట్టూ ఎర్రటి తుప్పు, దాని మీద తెల్లటి సున్నపు పొరలు పేరుకుని, నడిమధ్య పెన్సిల్ కూడా దూరనంత బెజ్జం మిగిలింది. ముప్పై ఏళ్లుగా బోరు నీళ్లు పారిన పైపు అది.

ఆ ముక్క పట్టుకుని షాపుకు వెళ్తే, ఓనరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఒకటే అడిగాడు. "ఏ లైనుకు, అన్నా? చన్నీళ్లకా, వేడినీళ్లకా? లోపలికా, ఎండలోకా?" కౌంటర్ మీద నాలుగు రకాల ముక్కలు పెట్టాడు. తెల్లది, లేత పసుపుది, ఆకుపచ్చది, వెండిరంగు ఇనుపది. పైపులు సొంతంగా మార్చుకోవాలనుకునే చాలామంది ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. నేనూ అక్కడే ఆగి, ఒక నెలపాటు అన్నీ కనుక్కుని, ఒక బాత్రూమ్, వంటగది లైను నా చేత్తోనే మార్చుకున్నాను. ఆ నెలలో తెలిసినవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

పైపు కన్నా ముందు చూడాల్సినవి

మొదటిది వేడి. గీజర్‌లో నీళ్లు మామూలుగా 60 నుంచి 75 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. సోలార్ హీటర్ అయితే ఎండాకాలంలో, రెండు రోజులు ఎవరూ వాడకపోతే, అంతకన్నా బాగా పైకి వెళ్తుంది. ఈ వేడికి తట్టుకోని పైపు వెంటనే పగలదు. మెత్తబడుతుంది, వంగుతుంది, ఒకరోజు అతుకు దగ్గర వదిలేస్తుంది.

రెండోది ఎండ. డాబా మీద, బయటి గోడ మీద పోయే పైపు రోజంతా ఎండలో ఉంటుంది. ప్లాస్టిక్ పైపులన్నీ ఏళ్ల తరబడి ఎండకు రంగు వెలిసి పెళుసెక్కుతాయి, కాకపోతే ఒకటి ముందు, ఒకటి వెనక.

మూడోది ఒత్తిడి. షాపుల్లో పైపు మీద రాసిన పెద్ద పెద్ద ప్రెషర్ అంకెలు చూసి కంగారు పడకండి. ట్యాంకు నుంచి కిందికి దిగే నీళ్లకు పది మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక బార్ ఒత్తిడే వస్తుంది. ఒక అంతస్తు ఇంట్లో డాబా మీద ట్యాంకు పెట్టుకుంటే, షవర్‌కూ ట్యాంకు అడుగుకూ మధ్య ఐదారు అడుగుల తేడా కూడా ఉండదు. అంటే 0.2 బార్ కూడా కాదు. ఇలాంటి ఇళ్లలో పైపు పగలడం అసలు సమస్యే కాదు, ధార సరిగా రాకపోవడమే సమస్య. ప్రెషర్ పంపు పెట్టుకున్నవాళ్లది మాత్రం వేరే లెక్క.

నాలుగోది అతుకు. అతికేది మనమే కాబట్టి దీన్ని నేను అన్నిటికన్నా పైన పెడతాను. పైపు మధ్యలో కారడం చాలా అరుదు. ఎల్బో (మలుపు ముక్క) దగ్గరో, టీ (మూడు దారుల ముక్క) దగ్గరో, టాప్ బిగించిన చోటో కారుతుంది. మన చేతికి ఏ అతుకు నమ్మకంగా వస్తుందో ఆ పైపే మనకు మంచి పైపు.

ఐదోది రేపటి రిపేరు. ఆదివారం సాయంత్రం లైను పగిలితే, మీ వీధి చివర షాపులో దొరికే సామానుతో, మీ ఇంట్లో ఉన్న పనిముట్లతో దాన్ని ఆపగలరా? షాపు ఓనరు ఈ మాట అడగడు. మనమే అడగాలి.

జీఐ పైపు

మన పాత ఇళ్లన్నీ దీనితోనే కట్టారు. ఐఎస్ 1239 అనే భారత ప్రమాణం ప్రకారం వచ్చే ఈ పైపుల మీద రంగు పట్టీ ఉంటుంది: పసుపు లైట్, నీలం మీడియం, ఎరుపు హెవీ. వేడికి భయం లేదు, ఎండకు భయం లేదు, సైకిలు తగిలినా, గేదె రాసుకున్నా చలించదు. పెరట్లో నిలువుగా లేచే టాప్ స్టాండుకు, దెబ్బలు తగిలే చోటుకు ఇప్పటికీ ఇదే మంచిది.

కానీ లోపలి జింకు పూత పోయాక తుప్పు పట్టడం మొదలవుతుంది. ఉప్పునీటి బోర్లు, గట్టి నీళ్లు ఉన్న ఊళ్లలో తుప్పు గరుకు మీద సున్నం ఇంకా త్వరగా పట్టుకుంటుంది. మాది అలాంటి ఊరే కాబట్టి నేను కోసిన ముక్కలో ఈ రెండూ కనిపించాయి.

సొంతంగా చేసుకునేవారికి దీనితో పెద్ద ఇబ్బంది మరలు. ప్రతి కోతకూ డై సెట్ పెట్టి మర తీయాలి. దాన్ని పట్టుకోవడానికి వైస్ కావాలి. 20 అడుగుల పైపును ఒక్కరే ఇంట్లో అటూ ఇటూ తిప్పుకోవడం కష్టం. అందుకే కొత్తగా జీఐ వేసుకోమని నేను ఎవరికీ చెప్పను. ఉన్నది కారకుండా, ధార బాగానే వస్తుంటే మాత్రం ఊరికే తీసేయనూ వద్దు.

జీఐ తీసేసేవాళ్లు ఒక విషయం మర్చిపోకూడదు. కొన్ని పాత ఇళ్లలో గీజర్‌కో, మోటారుకో ఎర్త్ వైరును నీళ్ల పైపుకే కట్టేసి ఉంటారు. అలా చేయడం తప్పు, అయినా చాలాచోట్ల కనిపిస్తుంది. మధ్యలో రెండడుగులు ప్లాస్టిక్ పైపు వేస్తే ఆ ఎర్త్ అక్కడితో తెగిపోతుంది. గీజర్‌లో కరెంటు లీకైతే షాక్ కొట్టేది స్నానం చేసే మనిషికే. పైపు కోసే ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఎర్త్ విడిగా ఉందో లేదో చూపించుకోండి. ఈ ఒక్క పని మీరు చేయకండి, ఆయనతోనే చేయించండి.

యూపీవీసీ: తెల్ల పైపు

చన్నీళ్లకు చవకలో దొరికే మంచి పైపు ఇది. ప్లంబింగ్‌కు వాడేది తెల్లటి, మందమైన రకం. దాని మీద షెడ్యూల్ 40 అనో షెడ్యూల్ 80 అనో రాసి ఉంటుంది, అది పైపు మందాన్ని చెప్పే అంకె. పొలాలకు వేసే బూడిదరంగు పైపు వేరు, బాత్రూమ్ మురుగుకు వేసే ఎస్‌డబ్ల్యూఆర్ పైపు వేరు. ఇంట్లో మిగిలిపోయింది కదా అని మురుగు పైపు ముక్కను మంచినీళ్ల లైనులో అతికించకండి. అది ఒత్తిడికి చేసిన పైపు కాదు. కొనేటప్పుడు సీసం కలపని పైపేనా అని కూడా చూడండి. పీవీసీ పైపుల్లో సీసం వాడకాన్ని తీసేయించడానికి కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. ఎప్పటినుంచో షాపులో పడి ఉన్న పాత సరుకు మాత్రం తీసుకోకండి.

లోపలి బెజ్జం విశాలంగా ఉండటం దీని పెద్ద బలం. అరంగుళం షెడ్యూల్ 40 పైపు లోపలి కొలత దాదాపు 15.8 మిల్లీమీటర్లు. పాత అరంగుళం జీఐ 16 చిల్లర. రెండూ ఇంచుమించు ఒకటే. బయటి కొలత కూడా జీఐ కొలతే కాబట్టి మరల ఫిట్టింగులు సులువుగా కలుస్తాయి.

దీని బలహీనత వేడి. సుమారు 45 డిగ్రీలు దాటితే దీన్ని నమ్మకూడదు. సూర్యాపేటలో మా పిన్ని వాళ్లింట్లో సోలార్ హీటర్ పెట్టినప్పుడు, ట్యాంకు దగ్గర్నుంచి గోడ దాకా ఆరేడు అడుగులే కదా అని తెల్ల పైపే వేసేశారు. మొదటి ఎండాకాలం గడవకముందే రెండు క్లాంపుల మధ్య ఆ పైపు తడిబట్టలు ఆరేసిన తాడులా కిందికి జారింది. ఒక మధ్యాహ్నం ఎల్బో ఊడి, డాబా అంతా సలసల కాగే నీళ్లు. ఆ సమయంలో పైన ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. వేడినీళ్లకు, ఎంత చిన్న ముక్కకైనా సరే, తెల్ల పైపు వద్దు.

ఎండాకాలంలో డాబా మీది చన్నీళ్ల లైను కూడా కాలిపోతుంది కదా అంటారా? నిజమే, మే నెల మధ్యాహ్నం టాప్ తిప్పితే మొదటి చెంబు నీళ్లు ముట్టుకోలేం. అక్కడ ఒత్తిడి దాదాపు ఉండదు కాబట్టి పైపు తట్టుకుంటుంది. కాకపోతే క్లాంపులు దగ్గర దగ్గరగా, రెండు మూడు అడుగులకొకటి వేయాలి, పైన నీళ్లతో కలిపే తెల్ల రంగు పూయాలి. ఆయిల్ పెయింట్ వద్దు. అందులోని ద్రావకాలు ప్లాస్టిక్‌కు పడవు.

సీపీవీసీ: లేత పసుపు పైపు

నేను చివరికి ఎంచుకున్నది ఇదే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

పీవీసీకే క్లోరిన్ ఇంకా ఎక్కించి చేసే ప్లాస్టిక్ ఇది. అందువల్లే వేడికి ఓర్చుకుంటుంది. ఐఎస్ 15778 గుర్తు, దాని పక్కన ఎస్‌డీఆర్ 11 లేదా ఎస్‌డీఆర్ 13.5 అని ముద్ర ఉంటుంది. ఈ అంకె ఎంత తక్కువైతే పైపు గోడ అంత మందంగా ఉంటుంది. ఎస్‌డీఆర్ 11 రకం 82 డిగ్రీల వేడి నీళ్లలో కూడా దాదాపు 7 బార్ ఒత్తిడి మోయగలదు. గీజర్ లైనుకు అదే తీసుకోండి. చన్నీళ్లకు 13.5 చాలు. ఒక్క బాత్రూమ్ పనికి రెండు రకాలు కొని కలగాపులగం చేసుకోవడం కన్నా, మొత్తం 11 తీసుకుంటేనే మనసుకు టెన్షన్ ఉండదు.

ఇప్పుడు చాలామంది పొరపాటు పడే చోటు. అరంగుళం సీపీవీసీ అంటే జీఐ అరంగుళం కాదు. దీని బయటి కొలత రాగి పైపుల పద్ధతిలో వస్తుంది, 15.9 మిల్లీమీటర్లే. గోడ మందం తీసేస్తే లోపల మిగిలేది దాదాపు 12.4. పాత జీఐ లోపల 16 ఉండేది. బెజ్జం వైశాల్యం లెక్కేస్తే పాతదాంట్లో 60 శాతమే. అంటే అరంగుళం జీఐ తీసి అరంగుళం సీపీవీసీ వేస్తే, కొత్త పైపు వేశామన్న సంతోషం షవర్ తిప్పేదాకే ఉంటుంది. ట్యాంకు ఎత్తు తక్కువున్న ఇళ్లలో బాత్రూమ్ దాకా వచ్చే లైను ముప్పావు ఇంచి వేసి, టాప్ దగ్గర ఆఖరి అడుగులో మాత్రమే అరంగుళానికి తగ్గించండి. ముప్పావు ఇంచి సీపీవీసీ లోపల 18 మిల్లీమీటర్లు పైనే ఉంటుంది. నేను అలాగే వేశాను. మా బకెట్ ఇప్పుడు రెండు నిమిషాల్లోపే నిండుతోంది.

కొలతలు వేరు కాబట్టి యూపీవీసీ ఎల్బోలో సీపీవీసీ పైపు దూరదు. షాపులో కలిపి ఇచ్చేస్తారు, ఇంటికొచ్చాక తెలుస్తుంది. కొన్న ఫిట్టింగులన్నీ అక్కడే పైపు ముక్కలో గుచ్చి చూసుకోండి.

అతుకు వేసే తీరు ఇది. పైపును కట్టర్‌తో సూటిగా కోయాలి. కట్టర్ లేకపోతే హ్యాక్సా బ్లేడు చాలు, కానీ కోసిన అంచు మీద పొట్టు, గరుకు లేకుండా కత్తితోనో, ఎమెరీ కాగితంతోనో లోపలా బయటా గీకాలి. గుడ్డతో తుడవాలి, తడి అస్సలు ఉండకూడదు. సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) రాయకముందు ఒకసారి ఉత్తినే దూర్చి చూసి, ఎల్బో ఏ దిక్కుకు తిరగాలో పెన్సిల్‌తో గీత పెట్టుకోవాలి. ఆ తర్వాత సీపీవీసీ సొల్యూషన్ (పీవీసీది పనికిరాదు, డబ్బా మీద పేరు చదవండి) పైపు మీద నిండుగా, ఫిట్టింగు లోపల పల్చగా రాసి, వెంటనే పావు వంతు తిప్పుతూ లోపల ఆనేదాకా తొయ్యాలి. తోసి చేయి తీసేయకూడదు. అది మెల్లగా వెనక్కి జారుతుంది. అరనిమిషం అలాగే నొక్కి పట్టుకోవాలి. అంచు చుట్టూ సొల్యూషన్ సన్నటి పూసలా బయటికి ఉబ్బితే అతుకు బాగా కుదిరినట్టు. ఒక పక్క ఆ పూస కనపడకపోతే అక్కడ సొల్యూషన్ చాల్లేదన్నమాట. అది కోసి పారేసి మళ్లీ వేసుకోవడమే, పైన ఎంత పూసినా లాభం లేదు.

నా మొదటి అతుకులు నాలుగు వృథా అయ్యాయి. వాటిని లైనులో కాకుండా గుమ్మం ముందు కూర్చుని మిగిలిన ముక్కల మీద వేసి నేర్చుకున్నాను. మీరూ పది అడుగుల పైపు అదనంగా కొని అలాగే చేయండి. బాత్రూమ్‌లో వేసేటప్పుడు తలుపు, కిటికీ తెరిచి పెట్టండి, దగ్గర్లో మంట ఉండకూడదు. ఆ వాసన తలకెక్కుతుంది, ఆ ఆవిరి మండుతుంది కూడా. డబ్బాలో సొల్యూషన్ జిగురుగట్టి ముద్దయితే దాంట్లో ఏదో కలిపి పల్చన చేయకండి, కొత్త డబ్బా తెచ్చుకోండి. ఆరడానికి డబ్బా మీద రాసిన సమయం ఇవ్వాలి. నేను రాత్రంతా వదిలేసి తెల్లారాకే నీళ్లు వదిలాను.

టాప్ బిగించే చోట, గీజర్ బిగించే చోట పూర్తి ప్లాస్టిక్ మర ఉన్న ఫిట్టింగు వద్దు. లోపల ఇత్తడి మర ఉన్న బ్రాస్ ఎల్బో, బ్రాస్ టీ, ఎఫ్‌టీఏ (లోపలి మర ఉన్న అడాప్టర్) తీసుకోండి. ధర చూస్తే గుండె ఝల్లుమంటుంది, కానీ ఇత్తడి టాప్‌ను ప్లాస్టిక్ మరలోకి గట్టిగా తిప్పితే అది గోడ లోపల చీలుతుంది. ఆ చీలిక మనకు కనపడేది పక్క గదిలో చెమ్మ ఉబ్బినప్పుడే. మర మీద టెఫ్లాన్ టేపే చుట్టండి, బిగించే దిక్కుకే చుట్టండి. పాతకాలం నార, ఆయిల్ పెయింట్, గ్రీజు లాంటివి సీపీవీసీకి హాని చేస్తాయి.

వేడికి ఇది సాగుతుంది కూడా. మూడు మీటర్ల పైపు 40 డిగ్రీలు వేడెక్కితే ఏడు మిల్లీమీటర్ల పైచిలుకు పెరుగుతుంది. క్లాంపు పైపును పిసికేసేలా కాకుండా, జారడానికి కాస్త వదులుగా బిగించాలి.

పీపీఆర్: ఆకుపచ్చ పైపు

దీన్ని సొల్యూషన్‌తో అతకరు. 260 డిగ్రీల వేడి మెషిన్ మీద పైపును, ఫిట్టింగును ఒకేసారి కరిగించి, ఒకదాంట్లో ఒకటి దూరుస్తారు. రెండూ కరిగి ఒకటే ముక్క అయిపోతాయి. సరిగా వేసిన పీపీఆర్ అతుకంత గట్టి అతుకు మిగతా ప్లాస్టిక్ పైపుల్లో నేను చూడలేదు. సొల్యూషన్ వాసన లేదు, రాత్రంతా ఆరబెట్టడం లేదు. చల్లారాక అదే రోజు పరీక్షించుకోవచ్చు. వేడినీళ్లకూ పనికొస్తుంది. ఐఎస్ 15801 గుర్తు చూసుకోండి.

మరి నేనెందుకు వేసుకోలేదు? 20 మిల్లీమీటర్ల పైపుకు మెషిన్ మీద ఐదు సెకన్లు, 25కు ఏడు సెకన్లు ఉంచాలి. రెండు సెకన్లు ఎక్కువైతే కరిగిన ప్లాస్టిక్ లోపలికి ఉబ్బి బెజ్జం సన్నబడుతుంది. తక్కువైతే అతుకు పట్టదు. సీపీవీసీలో తిప్పుతూ తొయ్యాలన్నాను కదా, ఇక్కడ అస్సలు తిప్పకూడదు, సూటిగా దూర్చాలి. లోపల జరిగిన తప్పు బయటికి కనపడదు. గోడ మూలలో, గీజర్ వెనక, రెండు చేతులూ పట్టని చోట ఆ కాలే మెషిన్‌ను పట్టుకుని అతుకు వేయడం కొత్తవాళ్లకు కష్టమే. ఆదివారం పగిలితే మెషిన్ ఉన్న ప్లంబర్ దొరికేదాకా ఆగాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో వాళ్లు తేలిగ్గా దొరుకుతారు. చిన్న ఊళ్లలో ముందు కనుక్కోండి.

వేడికి ఇది సీపీవీసీ కన్నా రెండు రెట్ల పైన సాగుతుంది. అదే మూడు మీటర్లకు, అదే 40 డిగ్రీలకు 18 మిల్లీమీటర్లు. గోడ బయట పొడుగ్గా వేసిన పీపీఆర్ లైను పాములా మెలికలు తిరిగేది అందుకే. మామూలు పీపీఆర్‌ను ఎండలో ఉత్తిగా వదిలేయకూడదు కూడా.

అల్యూమినియం పొర లోపల ఉన్న కాంపోజిట్ పైపులు కూడా కొన్నిచోట్ల వస్తున్నాయి. చేత్తో వంచుకోవచ్చు, ఎల్బోలు తగ్గుతాయి. మీ ఊళ్లో ఫిట్టింగులు దొరికితేనే వాటి వైపు చూడండి.

ఒక్క చూపులో

| చూడాల్సింది | జీఐ | యూపీవీసీ | సీపీవీసీ | పీపీఆర్ |
|---|---|---|---|---|
| గీజర్, సోలార్ నీళ్లు | పర్వాలేదు | వద్దు | బాగుంటుంది | బాగుంటుంది |
| డాబా మీద ఎండలో | బాగుంటుంది | రంగు పూస్తే సరే | రంగు పూస్తే సరే | కప్పి ఉంచాలి |
| గట్టి నీళ్లు, తుప్పు | త్వరగా పూడుతుంది | తుప్పు లేదు | తుప్పు లేదు | తుప్పు లేదు |
| అరంగుళం రకం లోపలి కొలత (మి.మీ., సుమారు) | 16 | 15.8 (షెడ్యూల్ 40) | 12.4 (ఎస్‌డీఆర్ 11) | 13 నుంచి 14 (20 మి.మీ. పైపు) |
| అతుకు | మర | సొల్యూషన్ | సొల్యూషన్ | వేడి మెషిన్ |
| మన చేత్తో వేయడం | కష్టం | సులువు | సులువు, ఓపిక కావాలి | మెషిన్, అలవాటు కావాలి |
| ఆదివారం రిపేరు | ప్లంబరే రావాలి | మనమే | మనమే | ప్లంబరే రావాలి |

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

అద్దె ఇంట్లో ఉంటే గోడలోని లైను జోలికి వెళ్లకండి. టాప్ లోపలి వాషర్, యాంగిల్ వాల్వ్, కనెక్షన్ పైపు, టాప్ మూతిలోని జాలీ వరకు మార్చుకోండి. ధార సన్నబడ్డ చాలా ఇళ్లలో తప్పు ఆ జాలీదే. విప్పి వెనిగర్‌లో నానబెడితే సున్నం వదిలిపోతుంది.

పాత సొంత ఇల్లు, ఒక బాత్రూమే ఇబ్బంది పెడుతోందంటే సీపీవీసీ వేసుకోండి, గోడ పగలగొట్టకుండా బయటినుంచే. చూడటానికి అంత అందంగా ఉండదు, ఇంట్లోవాళ్లు ఒక మాట అంటారు కూడా. కానీ ఇలాంటి పనిలో ఎక్కువ డబ్బు పోయేది పైపుకు కాదు, టైల్స్ పగలగొట్టి మళ్లీ వేయించడానికి. అదే డిజైన్ టైలు పదేళ్ల తర్వాత దొరకదు. పాత జీఐ లైనును గోడలోనే వదిలేసి, రెండు చివరలా మూసేసి, కొత్త లైను సీలింగు కిందుగా తెచ్చుకుంటే వారాంతంలో పని అయిపోతుంది. కారితే వెంటనే కనపడుతుంది కూడా.

సోలార్ ఉన్నవాళ్లు హీటర్ దగ్గర మొదటి కొన్ని అడుగులు జీఐ లేదా ఆ హీటర్ కంపెనీ చెప్పిన పైపే వేసి, ఆ తర్వాత సీపీవీసీ ఎస్‌డీఆర్ 11కు మారండి. వాడకుండా ఉంచిన సోలార్ ట్యాంకులో నీళ్లు ఎంత వేడెక్కుతాయో మన చేతిలో ఉండదు.

కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లకు, మంచి పీపీఆర్ ప్లంబర్ దొరికి, పైపులన్నీ గోడలోపలే పోతాయంటే పీపీఆర్ గట్టి ఎంపిక. అలాంటి మనిషి దొరకకపోతే లోపల సీపీవీసీ, ట్యాంకు నుంచి కిందికి దిగే చన్నీళ్ల లైనుకు యూపీవీసీ. రెండూ కలిసే చోట మరల ఫిట్టింగులతోనే కలపాలి, సొల్యూషన్‌తో కాదు.

ప్రెషర్ పంపు పెట్టాలనుకుంటే పాత జీఐని అలాగే ఉంచి పంపు పెట్టకండి. ఇన్నాళ్లూ తక్కువ ఒత్తిడిలో తుప్పే మూసి ఉంచిన చిల్లులు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. ముందు పైపులు, తర్వాత పంపు.

పాతది, కొత్తది కలిసే చోటు

అన్నిటికన్నా భయపడాల్సింది ఇక్కడే. గోడలోంచి పాత జీఐ పైపు విప్పేటప్పుడు ఒకే రెంచి పెట్టి బలంగా తిప్పితే, గోడ లోపలి ఎల్బో కూడా తిరిగి, అక్కడెక్కడో పాత మర విరుగుతుంది. రెండు రెంచీలు కావాలి. ఒకటి ఎల్బోను కదలకుండా పట్టుకోవడానికి, రెండోది పైపును తిప్పడానికి. ముందురోజు రాత్రి మర మీద తుప్పు వదిలించే ఆయిల్ వేసి ఉంచండి. అయినా కదలకపోతే బలం చేయకండి. ఆ ఒక్క మర కోసం ప్లంబర్‌ను పిలవడంలో నామోషీ ఏమీ లేదు. నేనూ పిలిచాను. ఆయన దాన్ని విప్పి, ఎఫ్‌టీఏ బిగించి వెళ్లాడు, మిగతా లైనంతా నేను వేసుకున్నాను.

మీటరు ముందున్న మున్సిపాలిటీ లైను, గీజర్ కరెంటు, గీజర్ సేఫ్టీ వాల్వ్, ఈ మూడింటినీ ముట్టుకోకండి.

నీళ్లు వదిలే రోజు

టాపులన్నీ తెరిచి, మెయిన్ వాల్వ్‌ను కొద్దిగానే తిప్పండి. గాలి బుస్సుమని పోయాక ఒక్కో టాప్ మూయండి. ప్రతి అతుకు కింద పొడి టిష్యూ కాగితం ముక్క అంటించి రెండు గంటలు ఆగండి. చేత్తో తడిమితే తెలియని చెమ్మ కాగితం మీద మచ్చలా కనపడుతుంది. గీజర్‌లో నీళ్లు నిండి, వేడినీళ్ల టాప్‌లోంచి ధార ఆగకుండా వస్తున్నాకే స్విచ్ వేయాలి. మొదటి రోజు నీళ్లు సొల్యూషన్ వాసన వస్తాయి, తాగకుండా బాగా వదిలేయండి. జాలీలు విప్పి పైపు పొట్టు దులపండి.

పైపులు గోడలో మూసేస్తుంటే, సిమెంటు పూయకముందే టేపు పట్టి ఫోటోలు తీసుకోండి. నేల నుంచి ఎంత, మూల నుంచి ఎంత అన్నది ఫోటోలో కనపడాలి. మా వంటగదిలో ఒక మూల మాత్రమే అలా గోడలోకి వేయాల్సి వచ్చింది. మొన్న అక్కడే అల్మారా బిగించడానికి డ్రిల్ పెట్టబోతూ ఆ ఫోటో తీసి చూశాను. గుర్తు పెట్టుకున్న చోటుకు సరిగ్గా వెనకే వేడినీళ్ల లైను ఉంది. నాలుగంగుళాలు పక్కకు జరిపి బెజ్జం వేశాను.